ముందు నీటిని తెలిసికొనుడు

మూసీనది కృష్ణలో కలియు చోట, నల్లగొండ జిల్లా దామరచర్ల మండలమున, వాడపల్లి యను పుణ్యక్షేత్రము గలదు. అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు మహానగరము నడుమగా ప్రవహించి, ఆ నగరపు మురుగును తనలో కలుపుకొని, సూర్యాపేట సీమలోని పొలములను తడుపుచు దిగివచ్చిన మూసీ, నాగార్జునసాగరమును దాటివచ్చిన కృష్ణతో ఇచ్చట సంగమించుచున్నది. ఒడ్డున అగస్త్యేశ్వరాలయమును, లక్ష్మీనరసింహాలయమును గలవు. అగస్త్యేశ్వర లింగము శిరోభాగమునందలి చిన్న గుంటలో నీరు ఎన్నడును ఇంకదనియు, దాని లోతు కొలువబోయిన శంకరాచార్యులకు సైతము అంతు చిక్కలేదనియు స్థలపురాణము చెప్పుచున్నది. రెండు నదులు కలియు చోట, తరుగని నీటిని దైవసన్నిధిగా కొలిచిన చోట, మంచినీటిని గూర్చి ప్రత్యేకముగా ఒక అధ్యాయము వ్రాయవలసిన పని యేమని మీరు అడుగవచ్చును. నీరు పుష్కలముగా నుండుట వేరు, అది త్రాగదగినదై యుండుట వేరు. ఈ భేదమును గుర్తింపక ఊరికి మేలు చేయబూనినవాని శ్రమయు, ఊరివారి ధనమును గూడ వృథా యగుట నేను అనేక గ్రామములలో చూచితిని గనుకనే ఈ అధ్యాయము.

ఇంతవరకు ఈ పుస్తకమును చదివిన మీరు, మీ జీవితమును దిద్దుకొనుటతోనే తృప్తి చెందక, పుట్టిన ఊరికో, ఉద్యోగరీత్యా చేరిన ఊరికో ఒక ఉపకారము చేయవలెనని సంకల్పించి యుందురని నమ్ముచున్నాను. మీరు మిర్యాలగూడలో బియ్యపు మిల్లు నడుపువారు కావచ్చును, కోదాడలో ఉపాధ్యాయులు కావచ్చును, తండాలోని మహిళాసంఘమునకు అధ్యక్షురాలు కావచ్చును, లేదా అమెరికాలో ఉద్యోగము చేయుచు ఏటేట సంక్రాంతికి ఇంటికి వచ్చుచున్నవారు కావచ్చును. ఎండతో నడచు మంచినీటి యంత్రమును ఊరిలో నెలకొల్పవలెనను కోరిక అట్టివారికి సులభముగా కలుగును. ఆ కోరిక మంచిది. మన ప్రాంతమున వానాకాలపు ముసురు దినములు తప్ప ఏడాది పొడుగునను ఎండకు కొదువ లేదు. ఒకసారి సోలార్ ఫలకములు బిగించిన పిమ్మట ఆ ఎండకు బిల్లు కట్టవలసిన పనియు లేదు. అయినను, యంత్రమును గూర్చిన ఉత్సాహము నీటిని గూర్చిన జిజ్ఞాసకంటె ముందు నడచినప్పుడు, నాడి చూడకయే మందు చేతబట్టుకొని రోగియింటికి బయలుదేరిన వైద్యుని గతియే పట్టును. ప్రజాసేవకు పూనుకొనువానికి ఉండవలసిన ప్రథమగుణము దానశీలము కాదు, విచారణశీలము.

మన నల్లగొండ జిల్లాయే ఇందుకు చక్కని పాఠము. జిల్లా పడమటి భాగమున మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతములలో భూమి అడుగున నల్లరాతి, గ్రానైటు పొరలు. ఆ శిలలలోని ఖనిజములందు ఫ్లోరీను అంతర్లీనముగా నున్నది. వాన తక్కువ పడి, భూగర్భజలము ఆ రాతి పగుళ్ళలో దీర్ఘకాలము నిలిచినప్పుడు ఫ్లోరైడు కరగి నీటిలో కలియుచున్నది. దక్షిణమున, కృష్ణ ఒడ్డున, వాడపల్లి విష్ణుపురముల చుట్టును సున్నపురాయి భూములు. సిమెంటు కర్మాగారములు ఇచ్చట వెలయుటకు ఆ రాయియే కారణము. సున్నపురాతి నేలలో ఊరిన నీరు కఠినమై, సబ్బు నురగ పట్టక, పప్పు ఉడకక, గిన్నె అడుగున తెల్లని చెక్కు కట్టునదిగా నుండుట సహజము. ఇక నదిలోని నీటికి ఈ రెండు దోషములకంటె మురుగు వలని దోషము, అనగా సూక్ష్మజీవుల దోషము, ఎక్కువ. ఒకే జిల్లాలో మూడు విధములైన నీరు, మూడు విధములైన దోషములు, మూడు విధములైన చికిత్సలు. పొరుగు మండలములో బాగుగా పనిచేసిన యంత్రము మీ ఊరిలోను పనిచేయునని తలచుటకు ఆధారమేమియు లేదు.

ఫ్లోరైడు కథను కొంత విపులముగా చెప్పవలసి యున్నది. ఏలయన ఇంత బాధ పెట్టిన దోషము కంటికి కనబడదు, నాలుకకు తెలియదు, ముక్కునకు అందదు. 1937లో నాటి మదరాసు రాజధానియందలి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు వలన కలుగు వ్యాధిని వైద్యులు మన దేశమున తొలిసారి గుర్తించి ప్రకటించిరి. నల్లగొండ జిల్లా రోగులను గూర్చి సిద్దిఖీ అను వైద్యుడు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసము వ్రాసెను. పండ్లు ఏర్పడు వయస్సులో ఆ నీరు త్రాగిన పిల్లల పండ్లు గారపట్టి, గోధుమరంగు చారలు దేరుచుండగా, ఏండ్ల తరబడి త్రాగిన పెద్దల కీళ్ళు బిగిసి, వెన్ను వంగి, మెడ త్రిప్పుటకు సైతము వీలులేని స్థితి యేర్పడుచుండెను. ఒకసారి వంగిన ఎముకను తిరిగి నిలుపు ఔషధము లేదు, నివారణమొక్కటే మార్గము. దశాబ్దములు గడచినను ఆ గ్రామములకు మంచినీరు రాకపోవుటచే, 1996 లోక్‌సభ ఎన్నికలలో దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వమున జలసాధన సమితి పిలుపునకు స్పందించి నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలువగా, పోలింగునే వాయిదా వేయవలసి వచ్చెను. దేశమంతయు అప్పుడు ఈ జిల్లావైపు చూచినది. ప్రజలు తమ దాహమును ఇంత శాంతముగా, ఇంత పట్టుదలతో విన్నవించుకొన్న సందర్భములు మన చరిత్రలో అరుదు; మన యువతరమునకు ఈ సంగతి తెలియకపోవుట నాకు ఖేదము కలిగించుచున్నది.

ఇచ్చట ఒక ప్రాణాంతకమైన అపోహను తొలగింపవలెను. నీటిని కాచి త్రాగినచో సర్వదోషములును పోవునని మన తల్లులు నమ్ముదురు. కాచుటచే క్రిములు చచ్చును, నిజమే. ఫ్లోరైడు మాత్రము పోదు. పైగా నీరు ఆవిరియై కొంత తరిగినకొలది మిగిలిన నీటిలో దాని పాలు పెరుగును. సూక్ష్మజీవుల విషయమున అమృతప్రాయమైన చికిత్స ఫ్లోరైడు విషయమున విషప్రాయమగుచున్నది. ఇట్టి విపర్యయమే బంగ్లాదేశమున మహావిపత్తుగా పరిణమించెను. చెరువులలోని నీరు త్రాగి పిల్లలు అతిసారముతో మరణించుచుండగా, 1970ల నుండి యునిసెఫ్ సహాయముతో ఆ దేశమందంతటను చేతిపంపుల గొట్టపుబావులు లక్షలకొలది త్రవ్విరి. ఆ నీటిలో క్రిములు లేవు. పాషాణము, అనగా ఆర్సెనిక్, ఉన్నదని 1993లో గాని నిర్ధారణ కాలేదు. అప్పటికి కోట్లమంది ఆ నీటినే త్రాగుచుండిరి. ఆ బావులు త్రవ్వించినవారు దుష్టులు కారు, అలసులు కారు. తాము వెదకిన దోషము నీటిలో లేదని చూచుకొని, తాము వెదకని దోషమును గూర్చి ప్రశ్నింపకపోవుటయే అంతటికి కారణమైనది.

కనుక మొదటి పని పరీక్ష. ఇది ఖర్చుతో కూడినదియు కాదు, కష్టసాధ్యమును కాదు. బోరు మోటారును కొన్ని నిమిషములు నడిపి, గొట్టములో నిలిచియున్న పాతనీటిని పోనిచ్చి, ఒక లీటరు పట్టు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడు పర్యాయములు తొలిచి, నిండుగా పట్టి, మూత బిగించి, ఊరి పేరు, బోరు గుర్తు, తేదీ వ్రాసిన చీటీ అంటించి గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలకు చేర్చవలెను. క్రిముల పరీక్షకు ఈ సీసా పనికిరాదు. ప్రయోగశాలవారు శుద్ధి చేసి యిచ్చిన సీసాలోనే, మూతిని వ్రేలితో తాకక నీరు పట్టి, మంచుగడ్డలలో పెట్టి, సాధ్యమైనచో ఆ పూటనే, ఎట్లయినను 24 గంటలలోపల అందజేయవలెను. రసాయనపరీక్ష ఏడాదికి ఒకసారి చాలును. క్రిముల పరీక్ష వానకు ముందొకసారి, వాన తరువాత నొకసారి జరుగవలెను. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జలజీవన్ మిషన్ క్రింద ప్రతి గ్రామమున అయిదుగురు మహిళలకు చిన్న పరీక్షపెట్టెతో నీటిని పరీక్షించు శిక్షణ నియ్యవలెనని నియమము గలదు. మీ ఊరిలో ఆ శిక్షణ పొందినవారు ఎవరో కనుగొనుడు. ఆ పెట్టె ఏ బీరువాలోనో మూలుగుచున్నచో దానిని వెలికి తీయించుట మీ మొదటి ప్రజాసేవ యగును.

ఫలితములు వచ్చినప్పుడు కొన్ని అంకెలను కంఠస్థము చేసికొనుట మంచిది. భారతీయ ప్రమాణముల సంస్థవారి ఐ.ఎస్. 10500 ప్రకారము ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల నుండవలెను, వేరు ఆధారము లేనప్పుడు 1.5 వరకు ఓర్వవచ్చును. కరగిన లవణములన్నియు కలిసి 500 మిల్లీగ్రాములు మేలు, 2000 తుదిహద్దు. కాఠిన్యము 200 మేలు, 600 హద్దు. నైట్రేటు 45 దాటరాదు. దాటినచో ఎరువుల వలననో, మరుగుదొడ్ల గుంతల వలననో నీరు చెడుచున్నదని అర్థము. మలసంబంధమైన ఇ. కోలై క్రిమి 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్కటియు ఉండరాదు. దీనికి సడలింపు లేదు. మీ బోరు ఈ అంకెలలో దేనివద్ద తప్పినదో, అదియే మీ యంత్రము చేయవలసిన పనిని నిర్ణయించును.

తప్పినది క్రిముల వద్ద మాత్రమే యైనచో, సంతోషింపుడు, చికిత్స చవుక. సోలార్ మోటారుతో నీటిని ట్యాంకునకు ఎక్కించి, బ్లీచింగ్ పౌడరో, ద్రవక్లోరినో కొలత ప్రకారము కలిపి, అరగంట నిలిపి, చివరి ఇంటి నల్లా వద్ద లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకుండ క్లోరిను మిగిలినదో లేదో చూచుకొన్నచో చాలును. ఆ ఊరికి పెద్ద యంత్రముతో పని లేదు. పొలమునకు పోవు కూలీలకు, వలస వెళ్ళిన కుటుంబములకు ఇంతకంటె సులభమైన ఉపాయము గలదు: తేటనీటిని ఒకటి రెండు లీటర్ల తెల్లని పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాలలో నింపి, ఆరు గంటలు నిండుటెండలో పరుండబెట్టిన యెడల ఎండలోని అతినీలలోహిత కిరణములును, వేడిమియు కలిసి క్రిములను చంపును. మబ్బు పట్టినచో రెండు దినములు ఉంచవలెను. నీరు బురదగా నున్నచో ముందు వడకట్టి తేర్చవలెను. బేరూతులోని ఆఫ్తిమ్ అక్రా అను ఆచార్యుడు 1980 ప్రాంతమున దీనిని నిరూపించి లోకమునకు చాటెను. తరువాత స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు దీనిని ఆఫ్రికా, ఆసియా దేశముల పల్లెలకు చేర్చిరి. ఇందులో ఫలకము లేదు, మోటారు లేదు, తీగ లేదు; సూర్యుడును, సీసాయును మాత్రమే. ఫ్లోరైడును గాని, ఉప్పును గాని ఇది తాకజాలదని మాత్రము మరువరాదు.

తప్పినది ఫ్లోరైడు వద్ద యైనచో పని బరువైనది. మన జిల్లా పేరుతోనే లోకమంతట ప్రసిద్ధికెక్కిన నల్లగొండ పద్ధతి నాగపురమందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ, అనగా నీరి, రూపొందించినది. నీటిలో సున్నము, పటిక, బ్లీచింగ్ పౌడరు కొలత ప్రకారము కలిపి, బాగుగా త్రిప్పి, నిలకడగా ఉంచినచో తెల్లని మడ్డి క్రిందికి దిగుచు ఫ్లోరైడును తనతో గొనిపోవును; పైతేటను వడకట్టుకొనవలెను. టాంజానియా, ఇథియోపియాలలోని ఫ్లోరైడు పీడిత గ్రామములలో గూడ ఈ పద్ధతిని ప్రయోగించి చూచిరి. విద్యుత్తు అక్కరలేదు, నిజమే. ప్రతిదినము తప్పక కొలతపెట్టు చేయి కావలెను, మడ్డిని ఊరికి దూరముగా పారవేయు శ్రద్ధ కావలెను. పటిక ఎక్కువైనచో అల్యూమినియము నీటిలో మిగులును, తక్కువైనచో ఫ్లోరైడు మిగులును. ఆ నిత్యశ్రద్ధ కొరవడుటచేతనే అనేక చోట్ల ఈ పద్ధతి మూలపడినది గాని, శాస్త్రమందలి లోపముచేత కాదు. నీరి సంస్థయే తరువాత విద్యుద్విశ్లేషణ పద్ధతిని రూపొందించినది: అల్యూమినియము పలకల నడుమ నీటిని నిలిపి ఏకముఖ విద్యుత్తును పంపగా, పలకనుండి వెలువడిన అల్యూమినియము తెల్లని మడ్డిగా మారి ఫ్లోరైడును పట్టుకొని దిగును. సోలార్ ఫలకము ఇచ్చునది ఏకముఖ విద్యుత్తే గనుక, ఎండకును ఈ పద్ధతికిని సహజమైన పొత్తు గలదు.

ఉప్పదనము, కాఠిన్యము, ఫ్లోరైడు మూడును కలిసియున్న చోట మన ఊళ్ళలో అందరికిని తెలిసినది ఆర్.ఓ. యంత్రము, అందునుండి వచ్చిన నీటినే జనులు ఫిల్టరు నీళ్ళని పిలుచుచు ఇరువది లీటర్ల క్యానులలో కొనుక్కొని పోవుచున్నారు. పొరగుండ నీటిని బలముగా ఒత్తి పంపుట దాని తత్త్వము. అది పనిచేయును, సందేహము లేదు. ఐతే పల్లెలలోని చిన్న యంత్రములు తీసికొన్న నీటిలో సగమునకు పైగా మురుగునీరుగా విడిచిపెట్టుట సామాన్యము. భూగర్భజలము అడుగంటుచున్న ఊరిలో, మూడు బిందెల నీరు తోడి ఒక బిందె త్రాగి రెండు బిందెలు కాలువలో పోయుట ధర్మమా యని ఆలోచింపవలెను. ఆ విడుదలైన నీటిలో ఉప్పు, ఫ్లోరైడు చిక్కబడి యుండును గనుక దానిని మరల బావిలోనికో, కుంటలోనికో వదలుట మహాపరాధము. ఈ చిక్కునకు మందు వెదకినవారిలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారు, జలగావ్‌లోని జైన్ ఇరిగేషన్ సంస్థవారు కలిసి చేసిన కృషి మనకు సమీపమైనది. వారు 2015లో అంతర్జాతీయ బహుమతి పొందిన యంత్రమునే మెరుగుపరచి, మన తెలంగాణలో హైదరాబాదుకు సమీపమందలి చెల్లూరు గ్రామమున నెలకొల్పి పరీక్షించిరి. ఒత్తిడికి బదులు విద్యుత్తుతో నీటిలోని లవణకణములను ప్రక్కలనున్న పొరల గుండ ఆవలికి లాగి, అప్పుడప్పుడు విద్యుద్ధ్రువములను తారుమారు చేసి ఆ పొరలపై పేరుకొనిన చెక్కును తొలగించుకొనుట ఆ యంత్రపు విధానము. ఎలెక్ట్రోడయాలసిస్ అని దాని శాస్త్రనామము. ఉప్పు మితముగా నున్న బోరు నీటి విషయమున దీనికి విద్యుత్తు తక్కువ చాలును, వృథాయగు నీరును తక్కువ. క్రిములను మాత్రము అది చంపదు, అందుకు వేరుగా అతినీలలోహిత దీపమో, క్లోరినో కావలెను. నన్ను ఆకర్షించినది యంత్రముకంటె దాని పుట్టుక: ఆ పరిశోధకులు ముందుగా మన దేశపు పల్లెలకు వచ్చి, ప్రజలతో మాటాడి, నీటి ఉప్పదనమే వారిని బాధించుచున్నదని విని, పిమ్మట బల్లముందు కూర్చుండిరి.

నేరుగా సూర్యుని వేడితో నీటిని ఆవిరిచేసి చల్లార్చు పద్ధతి గూడ గలదు. గుజరాతులోని భావనగర్ సమీపమందలి అవానియా గ్రామమున 1978లో అట్టి బట్టీల నెలకొల్పిరి. దానివలన వచ్చు నీరు అతిశుద్ధమే యైనను, చదరపు మీటరు గాజు క్రింద దినమునకు మూడు లీటర్ల చిల్లర కంటె ఆశింపరాదు. అయిదువందల మందికి మనిషికి అయిదు లీటర్ల చొప్పున త్రాగుటకు, వంటకు 2,500 లీటర్లు కావలెనన్న ఎనిమిదివందల చదరపు మీటర్లకు పైగా గాజు పరువవలెను. సముద్రతీరపు ఒంటరి పాఠశాలకు అది తగును. మన తండాలకు తగదు.

లెక్క అనగానే వెనుదీయరాదు; ఊరిపని పట్టినవానికి కాగితముపై లెక్క వేయుట ఉపన్యాసముకంటె అవసరము. నూరిండ్ల తండా, అయిదువందల జనము, మనిషికి దినమునకు జలజీవన్ మిషన్ నిర్దేశించిన 55 లీటర్లు, వెరసి 27,500 లీటర్లు. నీటిమట్టమునుండి ట్యాంకు పైభాగమునకు ఎత్తు 50 మీటర్లు అనుకొందము. ఇంత నీటిని అంత ఎత్తునకు చేర్చుటకు శాస్త్రరీత్యా 3.75 యూనిట్లు చాలును. మోటారు, గొట్టములు, తీగలు మింగునది పోగా వందకు నలుబది పాళ్ళే పనికివచ్చునని కొన్నచో దాదాపు 9.4 యూనిట్లు కావలెను. నిండు ఎండ దినమునకు అయిదు గంటలని కొని భాగించినచో రెండు కిలోవాట్లకు కొంచెము తక్కువ. దుమ్మునకు, వేడికి, మబ్బునకు విడిచిపెట్టి మూడు కిలోవాట్ల ఫలకములు పెట్టుకొన్న తండా నిశ్చింతగా నుండును. దామరచర్ల మండలములోనే వీర్లపాలెమున 800 మెగావాట్ల చొప్పున అయిదు యూనిట్లతో యాదాద్రి విద్యుత్కేంద్రము నిలిచినది; దాని ప్రక్కనే ఒక తండా దాహమునకు మూడు కిలోవాట్లు చాలునని తెలిసినప్పుడు, మన అసమర్థత విద్యుత్తు లేకపోవుటలో లేదని స్పష్టమగుచున్నది. మరియొక మాట: రాత్రికొరకు బ్యాటరీలు కొనకుడు. పగలు ఎండలో నీటిని ట్యాంకునకు ఎక్కించి నిలువచేయుట, విద్యుత్తును నిలువచేయుటకంటె ఎంతయో చవుక; ట్యాంకు రెండు దినముల నీటికి సరిపడునట్లు కట్టుకొన్నచో ముసురు పట్టినను ఊరు ఎండదు.

ఇచ్చట మిషన్ భగీరథను గూర్చి నిష్పాక్షికముగా చెప్పవలెను. 2016 ఆగస్టు 7న గజ్వేలు సమీపమందలి కోమటిబండలో ప్రారంభమైన ఆ పథకము కృష్ణా, గోదావరి జలములను శుద్ధి చేసి ఇంటింటి నల్లాకు చేర్చుటకు సంకల్పించి, ఫ్లోరైడు పీడిత గ్రామములకు చిరకాలము కలగానున్న నదీజలమును తెచ్చినది. ఆ నీరు మీ ఊరికి నిలకడగా చేరుచు, పరీక్షలో నెగ్గుచున్నచో, మీరు సోలార్ యంత్రము తేవలసిన అవసరము లేదు. కీర్తికొరకు తెచ్చుట అధర్మము. భగీరథ నీరు రుచిగా లేదని విడిచి, ఏ పరీక్షయు లేని క్యాను నీటిని కొనువారికి రుచి శుద్ధికి గుర్తు కాదని నచ్చజెప్పుట అంతకంటె గొప్ప సేవ. గొట్టము చివరనున్న తండాకు నీరు వంతులవారీగా చేరుచున్నచో, పాఠశాలకు, అంగన్‌వాడీకి, పొలములోని కూలీలకు నీరు అందకున్నచో, అచ్చట మీ సోలార్ పంపునకు, మీ శుద్ధియంత్రమునకు నిజమైన పని గలదు.

యంత్రము వచ్చిన పిమ్మట దాని ఆయువు మనుష్యుల చేతిలో నున్నది. ఫలకమునకు ఇరువదియైదు సంవత్సరముల హామీ యిత్తురు. ఆ మాట విని యంత్రమంతయు ఇరువదియైదేండ్లు నడచునని భ్రమపడువారే అధికులు. ముందువడపోత గుళికలు కొన్ని నెలలకు, అతినీలలోహిత దీపము సుమారు ఏడాదికి, ఆర్.ఓ. పొర రెండు మూడేండ్లకు మార్చవలసి వచ్చును. వాటికి డబ్బు ఎచ్చటిది? నూరిండ్లవారు ఇంటికి నెలకు ముప్పది రూపాయలిచ్చినచో ఏడాదికి 36,000 రూపాయలగును. దానిని పంచాయతీ సాధారణ ఖాతాలో కలుపక, వేరుగా బ్యాంకులో వేసి, ఇరువురి సంతకములతో మాత్రమే తీయునట్లు కట్టడి చేయవలెను. నిరుపేదలు ఇవ్వజాలకున్నచో వారి వంతును ఎవరు భరింతురో గ్రామసభలో బహిరంగముగా నిర్ణయింపవలెను. నీటికొరకు ఎవనికిని తలవంపులు తేరాదు.

ఫలకములను దక్షిణాభిముఖముగా, మన అక్షాంశమునకు తగినట్లు సుమారు 17 డిగ్రీల వాలుతో బిగింపవలెను. వేపకొమ్మ నీడ ఒక మూల పడినను, కణములన్నియు వరుసగా కలుపబడి యుండుటచే ఫలకమంతటి ఫలితము తగ్గును. సిమెంటు లారీలు తిరుగు దారులకు సమీపమున ధూళి త్వరగా పేరుకొనును. దానిని తెల్లవారుజామున, ఫలకము చల్లగా నున్నప్పుడు, మెత్తని గుడ్డతో తుడువవలెను. మిట్టమధ్యాహ్నము కాగిన గాజుపై చన్నీరు పోయుట దానికి చేటు. సున్నపునీటితో కడిగి తెల్లని మరకలు మిగుల్చుటయు అట్టిదే. మే నెల ఎండలో ఫలకము విశేషముగా పనిచేయునని పొరబడకుడు. వెలుతురు కావలెను గాని వేడి కాదు, వేడి 25 డిగ్రీలు దాటిన తరువాత ప్రతి డిగ్రీకి విద్యుత్తు వెయ్యింటికి నాలుగు పాళ్ళ వంతున తగ్గుచుండును.

వీటన్నిటిని నిత్యము చూచుకొనువారెవరు? వరంగల్లు సమీపమందలి గంగదేవిపల్లి ఈ ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పినది. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారము పొందిన ఆ ఊరిలో పారిశుద్ధ్యమునకు, మంచినీటికి, ఇతర పనులకు వేర్వేరు సంఘములు ఏర్పరచుకొని, బాలవికాస సంస్థ తోడ్పాటుతో నెలకొల్పిన నీటిశుద్ధి కేంద్రమును ఊరివారే నడుపుకొనిరి. అచ్చటి ప్రజలు మనకంటె ధనవంతులు కారు. పని పంచుకొనిరి, లెక్క చూపిరి, అంతే. నా దృష్టిలో పంపు ఆపరేటరుగా ఒక యువకుని నియమించి, అతనికి క్రమముగా జీతమిచ్చి, అతడు వ్రాయు దినచర్య పుస్తకమును మహిళాసంఘమువారు వారమునకొకసారి చూచునట్లు ఏర్పరచినచో, పదింట తొమ్మిది చిక్కులు పుట్టకమునుపే తీరును. ఆ పుస్తకములో ఎంత నీరు ఎక్కినది, ఎంత క్లోరిను కలిపినది, ఏ భాగము మార్చినది, ట్యాంకు ఎన్నడు కడిగినది మాత్రమే యుండిన చాలును. నీటికొరకు బిందెతో నడచువారు స్త్రీలు. రోగి ప్రక్కన మేలుకొనువారును స్త్రీలు. కనుక తనిఖీ వారి చేతిలో నుండుటయే న్యాయము. ప్రారంభోత్సవమునాడు శిలాఫలకముపై చెక్కు పేర్లకంటె, ట్యాంకు గోడపై పెద్ద అక్షరములతో కడిగిన తేదీని, కడుగవలసిన తేదీని, ఫ్లోరైడు అంకెను, ఆపరేటరు ఫోను నంబరును వ్రాయించుట ఊరికి ఎక్కువ ఉపయోగము.

కావున ఫలకములు అమ్మువారిని పిలువకముందు, దాతను వెదకకముందు, ఈ వారములోనే మీ ఊరి బోరు వద్దకు పోయి ఒక శుభ్రమైన సీసాను మూడుసార్లు తొలిచి నీరు పట్టుడు. దానిని ప్రయోగశాలకు చేర్పించి, వచ్చిన కాగితమును గ్రామసభలో పదిమంది యెదుట బిగ్గరగా చదువుడు.